రొట్టెల పిన్ని గోడ

బొండో బాబాయ్ ఫోన్ చేసేసరికి నేను దిదుబే మెట్రో మెట్ల దగ్గర నేల మీద బోర్లా పడుకుని ఉన్నాను. కింద నుంచి చూస్తే గుడికి పట్టుకెళ్లే బ్జా పొద రెమ్మలమ్మే ఆడవాళ్ల మొహాలు పచ్చటి గుట్టల మీద తేలుతున్నట్టు కనిపిస్తాయి. ఆ ఒక్క ఫొటో కోసం ఏటా ఈ మట్టల ఆదివారం పండగకి అక్కడ బట్టలు మాపుకుంటాను. గుడికి పోయేవాళ్లు తిట్టుకుంటూ నన్ను దాటుకుని వెళతారు. రెమ్మలమ్మే ఒకావిడ చెప్పు కాలితో నా మోచెయ్యి తట్టి, "లే తల్లీ, పండగపూట ఏంటీ పొర్లుదండాలు" అంది.

ఫోన్‌లో బాబాయ్ గుక్కతిప్పుకోకుండా చెప్పుకుపోయాడు. "ఎలిసో, ఎక్కడున్నావ్? గేటు తీశారు. పొక్లెయిన్ లోపలికెళ్లింది. రేపటిదాకా ఆగరట, ఇవాళే కొట్టేస్తారట."

"నువ్వు గేటు దగ్గరే ఉండు బాబాయ్. లోపలికెళ్లి గొడవ పెట్టుకోకు. వస్తున్నా."

లేచి, ఆవిడ దగ్గర రెండు కట్టల రెమ్మలు కొని, సంచీలో కెమెరా మీద కుక్కి పరుగెత్తాను.

బజారు వెనక పాత రొట్టెల కొట్టు పక్క గోడ మీద బొండో బాబాయ్ కుర్రతనంలో ముగ్గురు స్నేహితులతో కలిసి రంగు గాజుముక్కలతో పొదిగిన బొమ్మ ఉంది. పొడుగాటి ఆడమనిషి, చేతుల నిండా వేడి రొట్టెలు, జుట్టు వెనక పొయ్యిలా మండే సూర్యుడు. పేటలో అందరికీ ఆమె రొట్టెల పిన్ని. నేను ఈ వీధిలో తీసిన ప్రతి ఫొటోలోనూ ఆమె వెనకాల నిలబడి ఉంటుంది. ముందర పాచికలాడే ముసలాళ్లు, ఆకుకూరల బుట్టలు, తన్నుకునే పిల్లలు, ఎంగేజ్‌మెంట్ ఉంగరం పోగొట్టుకుని ఏడుస్తున్న ఒక పిల్ల. వాళ్లంతా మారిపోయారు, పిన్ని మాత్రం ఉంది.

ఈ చలికాలంలో ఆ స్థలాన్ని మాల్ఖాజ్ అనే ఆయన కొన్నాడు. హోటల్ కడతాడట. చుట్టూ నీలం రేకుల కంచె లేచింది. గోడని కాపాడాలని మేము నగరం కమిటీకి అర్జీ పెట్టుకుంటే, ఆయన వకీలు వచ్చి, గాలివానకి గోడ ఎప్పుడో పడిపోయిందని, లోపల ఉన్నది రాళ్లగుట్టేనని చెప్పాడు. కంచె సందులోంచి తీసిన ఫొటో చూపించాను. వకీలు నవ్వాడు. "కెమెరాలో తేదీ మార్చడం చిన్నపిల్లలకీ వచ్చు. ఇది ఏ ఏటి ఫొటోనో మాకేం తెలుసు?" కమిటీ పెద్దమనిషి కూడా తల గోక్కుని, సోమవారం లోగా గట్టి రుజువు తెమ్మన్నాడు. యజమాని ఒప్పుకోకుండా కంచె దాటి చూడటానికి వాళ్లకి రూలు లేదట.

అంటే నాకు ఎవరూ కాదనలేని ఒక్క ఫొటో కావాలి. ఆలోచిస్తే ఆ ఫొటో తీయడానికి ఇవాళ్టికి మించిన రోజు లేదు. బ్జా రెమ్మలు జనం చేతుల్లో కనిపించేది ఈ పండగ రోజునే. నీలం కంచె ఈ ఏడే వచ్చింది. రెండూ పిన్నితోపాటు ఒకే ఫొటోలో పడితే ఏ వకీలూ నోరెత్తలేడు. కానీ ఈలోగా పిన్ని నేలకూలితే ఇక వాదించుకోవడానికేమీ ఉండదు.

గేటు బార్లా తీసి ఉంది. నా మాట విననట్టే బాబాయ్ అప్పటికే లోపల ఉన్నాడు, చేతికర్ర మీద వాలి. పొక్లెయిన్ గోడకెదురుగా తల వంచుకుని ఆగి ఉంది. దాని డ్రైవరు గురామ్ చక్రాల పట్టా మీద కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నాడు.

"పండగరోజు ఆవిడ మీద చెయ్యెత్తను సార్" అంటున్నాడు తాపీగా. "మా అమ్మ నన్ను చంకనేసుకుని ఆవిడ కిందే రొట్టెలకి నిలబడేది."

"గాజుముక్కలురా అవి. అమ్మా కాదు, పిన్నీ కాదు" అన్నాడు మాల్ఖాజ్.

"అయితే మీరే కొట్టండి. తాళంచెవి ఇదిగో."

మాల్ఖాజ్ తాళంచెవి తీసుకోలేదు. భారీ మనిషి, నల్ల చొక్కా, వారాల తరబడి గీయని గడ్డం. రౌడీ వాలకం అనుకున్నాను. పక్కనుంచి పడే వెలుగులో ఆ గడ్డం ఫొటోకి బాగుంటుందని కూడా అనుకున్నాను. బాబాయ్ మాత్రం ఆ గడ్డాన్ని కాసేపు చూసి, తలమీద టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఉక్కగా ఉందేమో అనుకున్నాను.

మాల్ఖాజ్ మమ్మల్ని చూశాడు, తర్వాత నా సంచీని చూశాడు. మొహంలో కోపం పోయి నవ్వు వచ్చింది. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది. పనివాళ్లు డ్రమ్ముల మీద చెక్కలు పరిచి భోజనానికి బల్ల వేస్తున్నారు. వేయించిన చేపలు, చిక్కుడుగింజల కూర, వాల్‌నట్ ముద్ద పట్టించిన పాలకూర, ప్లాస్టిక్ డబ్బాలో తేనెరంగు ద్రాక్షసారా.

"పండగపూట పెద్దాయన గుమ్మంలోకొచ్చారు. ఇంతకంటే ఏం కావాలి" అన్నాడు మాల్ఖాజ్. "రండి బాబాయ్, కూర్చోండి. నువ్వూ కూర్చోమ్మా. కడుపు నిండాక గోడల సంగతి మాట్లాడుకుందాం."

వేసిన బల్ల ముందు నుంచి ముసలాయన్ని తరిమేస్తే తన పనివాళ్ల మొహం చూడలేడు. పిలిచాక కూర్చోకపోతే మేమూ మనుషులం కాకుండా పోతాం. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు. కూర్చోబోతుంటే అటు తిరిగి ఫోన్‌లో అంటున్నాడు: "రుస్తావి దాటావా? నీ బండేసుకునే వస్తున్నావుగా. సరే, గేటు తీసే ఉంటుంది."

ఇంకో డ్రైవరు వస్తున్నాడు. అతనొచ్చేదాకా మమ్మల్ని మర్యాదలతో కట్టేసి కూర్చోబెడతాడు. అంత చక్కటి తాడు నేనెక్కడా చూడలేదు.

నా సంచీ తనే అందుకుని తన కుర్చీ వెనక కంచె మేకుకి తగిలించాడు. తర్వాత రొట్టెల బుట్ట ఖాళీ చేసి, "ఫోన్లు ఇందులో పడేయండి. నా బల్ల దగ్గర మనుషులు మనుషులతోనే మాట్లాడాలి" అన్నాడు. అందరూ వేశారు. నేనూ వేశాను.

"మరి నీది?" అన్నాడు గురామ్.

"నేను తమదానిరా. బల్ల నడిపేవాడికి మినహాయింపు."

నన్ను గోడకి వీపు పెట్టి కూర్చోబెట్టాడు. బాబాయ్‌ని గోడకెదురుగా. ఆ ముసలాయన పళ్లెంలో చేప చల్లారిపోతోంది. కళ్లు పిన్ని మీదే ఉన్నాయి.

తమదా గ్లాసెత్తి, తాగే ముందు చెప్పే మాట మొదలెట్టాడు. శాంతి గురించి చెప్పాడు. దేశం గురించి చెప్పాడు. అతిథుల గురించి చాలా బాగా చెప్పాడు, దొంగమొహం. మాట నడుస్తున్నంతసేపూ ఎవరూ లేవకూడదు, నమలకూడదు, పక్కవాడితో గొణక్కూడదు. ఒక మాట ముగిసి గ్లాసులు ఖాళీ అయ్యేలోగా ఇంకోటి మొదలయ్యేది. ఒకసారి చెయ్యి కడుక్కునే వంకతో లేవబోయాను.

"కూర్చో చెల్లెమ్మా. నీళ్లు ఇక్కడికే తెస్తారు."

నీళ్లు అక్కడికే వచ్చాయి. ఆయన పళ్లెం పక్కన ఫోన్ గుర్రుమంది. చూసి బోర్లా పెట్టాడు. "వంతెన దాటాడు" అన్నాడు పక్కనున్న మేస్త్రీతో, నాకు వినపడేట్టుగానే. బల్ల కింద బాబాయ్ కాలు తన్నాను. ఆయన కదల్లేదు. తర్వాత మెల్లగా గ్లాసు పట్టుకున్నాడు.

"తమదా, అతిథి మాట చెప్పావు. బాగుంది. ఇప్పుడు ముసలాడికో మాట ఇప్పించు."

మాల్ఖాజ్ ఒక్క క్షణం ఆలోచించాడు. ముసలాడు మాట్లాడితే ఇంకాస్త పొద్దు గడుస్తుంది, తనకే మంచిది అనుకుని ఉంటాడు. "మాట నీదే బాబాయ్" అన్నాడు.

బాబాయ్ లేచాడు. "పోయినవాళ్ల మాట చెబుతాను" అన్నాడు.

కుర్చీలు కిర్రుమన్నాయి. అందరూ లేచారు. ఆ మాటకి కూర్చుని ఉండేవాడు మా ఊళ్లో పుట్టలేదు. మాల్ఖాజ్ కూడా లేచాడు, కాస్త ఆలస్యంగా.

"ఈ గోడ పని నలుగురం చేశాం. వాజా, లేరి, జెమాల్, నేను. వాళ్లు ముగ్గురూ లేరు. ఉన్నవాడు మాట్లాడాలి కదా, అందుకని మాట్లాడుతున్నాను." ఆగి నావైపు చూశాడు. "ఎలిసో, నీ సంచీలో రెమ్మలున్నాయి, తీసుకురా. తలా ఒకటి పట్టుకుని మనవాళ్ల పేర్లు చెప్పుకుందాం."

నేను సంచీ వైపు నడిచాను. మాల్ఖాజ్ కళ్లు నా వెంటే వచ్చాయి. ఆయన కుర్చీ వెనక్కి వెళ్లి సంచీ తీస్తుంటే ఆయన భుజం బిగుసుకోవడం కనిపించింది. చెయ్యి చాచితే నా మణికట్టు దొరుకుతుంది. కానీ ఎడం చేతిలో గ్లాసు ఉంది, ముందర పోయినవాళ్ల మాట నడుస్తోంది, పనివాళ్లంతా చూస్తున్నారు. నేను రెమ్మలు పైకి తీశాను. కెమెరా వాటి కిందే నా చేతిలోకొచ్చింది. రెమ్మల కట్టలు బాబాయ్‌కిచ్చి, కెమెరాని కోటు కింద పెట్టుకుని గోడకెదురుగా ఉన్న కంచెదాకా వెనక్కి నడిచాను.

గురామ్ రెమ్మ పట్టుకుని వాళ్లమ్మ పేరు చెప్పాడు. రొట్టె మీద ఒక చుక్క సారా వొంపి తాగాడు. గ్లాసులు తగిలించుకోలేదు. మేస్త్రీ తమ్ముడి పేరు చెప్పాడు. ఇంకొకతను ఇద్దరు పిల్లల పేర్లు చెప్పాడు. అప్పుడు ఎవరూ మొహమెత్తలేదు.

అప్పుడే బయట ఇంజను మోత వినిపించింది. గేటులోంచి పసుపుపచ్చ యంత్రం దుమ్ము రేపుకుంటూ లోపలికి వచ్చింది. మాల్ఖాజ్ పెదవులు కదిలాయి. చెయ్యి సగం లేచింది. బాబాయ్ ఆయన్ని చూడనట్టే, గొంతు పెంచి కొత్త డ్రైవరు వైపు తిరిగాడు.

"అబ్బాయ్, ఇంజనాపు. పోయినవాళ్ల పేర్లు చెప్పుకుంటున్నాం."

కుర్రాడు మాల్ఖాజ్‌ని చూశాడు, బల్లని చూశాడు. ఇంజను ఆపేశాడు. టోపీ తీసి దిగొచ్చి, ఎవరో ఇచ్చిన గ్లాసు పట్టుకున్నాడు. బాబాయ్ అతని చేతిలో రెమ్మ పెట్టాడు. అతను వాళ్ల తాతయ్య పేరు చెప్పాడు.

నేను అప్పటికి కెమెరా కంటికి ఆనించాను. అన్నీ ఉన్నాయి. పిన్ని నిండుగా ఉంది, ఒక్క గాజుముక్క రాలలేదు. ఎడమవైపు నీలం కంచె. రెండు యంత్రాలు. అందరి చేతుల్లో రెమ్మలు. కానీ మాల్ఖాజ్ తల వంచుకుని ఉన్నాడు. ఇలా తీస్తే, అది మావాడు కాదు, ఎవరో లావుపాటి మనిషి అంటాడు వకీలు. నాకు ఆ మొహం కావాలి. మొహమెత్తు, మొహమెత్తు అని లోపల పళ్లు కొరుకుతున్నాను. నా చెవుల్లో నా రక్తం చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

బాబాయ్ చివరి రెమ్మ తీశాడు. "నీ వంతు బాబూ" అన్నాడు చాలా మెత్తగా. "ఎవరో చెప్పు."

మాల్ఖాజ్ రెమ్మ అందుకున్నాడు. ఆకులు ఒక్కొక్కటే వేలితో తడిమాడు. తర్వాత మొహమెత్తాడు. కళ్లు నిండి ఉన్నాయి. నోరు తెరిచాడు.

నేను నొక్కాను. ఆ నిశ్శబ్దంలో కెమెరా చప్పుడు పెంకు పగిలినట్టు వినిపించింది. ఇంకోసారి నొక్కాను. ఇంకోసారి.

ఎవరూ కదల్లేదు. ఆయన మాట పూర్తి చేశాడు, రొట్టె మీద చుక్క వొంపాడు, గ్లాసు చివరిదాకా తాగాడు. గ్లాసు బల్ల మీద పెట్టాక అప్పుడు నావైపు తిరిగాడు.

"ఇటివ్వు."

నేను కంచెకి అతుక్కుపోయాను. ఆయన రెండడుగులు వేశాడు. కాపలావాడు గేటు మూసేశాడు. గురామ్ గింజల పొట్టు ఉమ్మేసి మా మధ్యకి వచ్చాడు, కానీ అతను ఆయన భుజం దాకా కూడా లేడు.

"ఇటివ్వు అన్నాను."

"మాల్ఖాజ్" అన్నాడు బాబాయ్, కుర్చీలో కూర్చుంటూ. "బల్ల ఇంకా ఎత్తలేదు నువ్వు."

మాల్ఖాజ్ ఆగాడు. ఊపిరి బరువుగా తీస్తున్నాడు. పనివాళ్లు ఆయన్ని చూస్తున్నారు. తన బల్ల దగ్గర తిన్న మనిషి మీద చెయ్యి చేసుకున్నాడన్న మాట ఈ పేటలో హోటల్ కంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. చివరికి తన కుర్చీ దగ్గరికి వెళ్లి, గ్లాసు నింపుకుని, పునీతుల పేరు మీద, బల్ల ఎత్తే ఆఖరి మాట చెప్పాడు. తిట్టినట్టు చెప్పాడు. తాగి గ్లాసు బోర్లించాడు.

"గేటు తియ్యరా" అన్నాడు. తర్వాత నాతో: "ఏ గడియలో తీశావో తెలుసా నీకు?"

బుట్టలోంచి మా ఫోన్లు, మేకు మీది సంచీ తీసుకున్నాను. బాబాయ్ చెయ్యి పట్టుకుని గేటు దాటాను.

వీధిలో జనం రెమ్మలు పట్టుకుని గుడి నుంచి వస్తున్నారు. మేము బజారు మధ్యలోంచి నడుస్తూ, ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని వీపుతో వింటున్నాం. వెనక ఒక ఇంజను లేచింది. బాబాయ్ ఆగిపోయి కళ్లు మూసుకున్నాడు. ఆ ఇంజను మోత గేటు వైపు వచ్చి, రుస్తావి రోడ్డు ఎక్కి, దూరమైపోయింది. ఫొటో బయటికెళ్లాక గోడ పడితే జైలని మాల్ఖాజ్‌కి తెలియక కాదు.

నేను గట్టిగా నవ్వేశాను. బాబాయ్‌ని ముద్దుపెట్టుకున్నాను. "ఎంత పాచిక వేశావు బాబాయ్!"

ఆయన నవ్వలేదు. "ఆ గడ్డం చూశావా నువ్వు?"

"చూశాను, ఏం?"

"మనిషి పోతే నలభై రోజులు గడ్డం గీయరు కదా. నలభయ్యో రోజు ఇంకా కాలేదు ఆ ఇంట్లో. నేను చూశాను. చూసే ఆ మాట ఎత్తాను." టోపీ తలమీద పెట్టుకున్నాడు. "నా బతుకులో పోయినవాళ్ల మాటని ఇలా ఎన్నడూ వాడుకోలేదు. ఇవాళ వాడాను. పిన్ని కోసమే అనుకో. అయినా వాడాను."

సోమవారం కమిటీ గదిలో ఆ ఫొటో గోడ మీద పెద్దగా వేశారు. వకీలు గొంతు సవరించుకుని లేచాడు. మాల్ఖాజ్ అతని కోటు పట్టుకుని కూర్చోబెట్టాడు.

"నేనే అది. గోడ నిన్న ఉంది, ఇవాళా ఉంది. పడిందని అబద్ధం చెప్పాం" అన్నాడు. కమిటీ పెద్దమనిషి పిన్నిని తాకడానికి వీల్లేదని అక్కడికక్కడే తేల్చేశాడు. గురామ్ వెనక బెంచీలో ఈల వేశాడు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

బయట వసారాలో మాల్ఖాజ్ మా కోసం ఆగి ఉన్నాడు. నేను కెమెరా సంచీని గుండెకి హత్తుకున్నాను. ఆయన దాన్ని చూడనైనా చూడలేదు.

"ఒక్కటడుగుతానమ్మా. ఆ ఫొటోలో నేనేదో అంటున్నాను కదా. ఏమంటున్నాను?"

"మీవాళ్ల పేరు."

"మా అమ్మ. ఏం పేరు?"

నోరు తెరిచాను. వెలుగు ఎటునుంచి పడిందో చెప్పగలను. రెమ్మ మీద ఆకులెలా వణికాయో చెప్పగలను. ఆయన ఎడమ కంటినుంచి నీరు ఎక్కడిదాకా జారిందో చెప్పగలను. కెమెరాలోంచి ఆ మొహాన్ని అందరికంటే దగ్గరగా చూసింది నేనే. ఎంత వెతికినా నాకు కెమెరా చప్పుడే వినిపిస్తోంది.

"నతేలా" అన్నాడు బొండో బాబాయ్ నా వెనక నుంచి.

మాల్ఖాజ్ తలాడించాడు. బాబాయ్ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఇప్పుడు నీలం కంచె తీసేశారు. పాచికలవాళ్లు పిన్ని కిందికి తిరిగొచ్చారు, ఆకుకూరల బుట్టలూ వచ్చాయి. ఆ ఫొటో చాలా చోట్ల అచ్చయింది. చూసినవాళ్లంతా ఒకటే అడుగుతారు, మధ్యలో ఆ పెద్దమనిషి ఏమంటున్నాడని. వాళ్లమ్మ పేరు, నతేలా అని చెబుతాను. నా చెవులతో విన్నట్టే చెబుతాను.